గేటు తీశాక

రైలు వెళ్లిపోయింది. గేటు లేచింది. కారు మాత్రం కదల్లేదు.

డాక్టర్ హేమశ్రీ మళ్లీ తాళం తిప్పింది. టక్కుమని చిన్న శబ్దం వచ్చింది, అంతే.

జనవరి నెల. తెల్లవారినా కడియం గేటు చుట్టూ మంచు విడలేదు. రోడ్డు పక్క నర్సరీల్లో చామంతులు కనిపించడం లేదు, వాసన మాత్రం వస్తోంది. ఆకుల మీంచి నీటిబొట్లు రాలుతున్న చప్పుడు తప్ప లోకమంతా ఇంకా నిద్రలోనే ఉన్నట్టుంది.

గేటుకు అవతల, కాలువ దాటాక చిన్న ఆసుపత్రి. అక్కడ వీరవేణి అనే తొలి కాన్పుకు వచ్చిన మనిషికి బిడ్డ పుట్టకముందే రక్తస్రావం మొదలై ఆగడం లేదని నర్సు రూబీ ఫోన్ చేసింది. ఆపరేషన్ చేయాల్సింది హేమశ్రీయే.

కిందికి దిగి బానెట్ ఎత్తింది. ఏం చూడాలో తెలియలేదు.

కారు వెనక మంచులోంచి మొదట మామిడి అంట్ల ఆకులు కనిపించాయి. తర్వాత వాటిని మోస్తున్న జీపు. దాంట్లోంచి ఒక మనిషి దిగి వచ్చాడు. ముప్పై ఏళ్లుంటాయేమో. ఆమెను చూసి ఒక్క క్షణం ఆగిపోయాడు.

గేటు పడినప్పుడు ఇంజను ఆపి లైట్లు వేసే ఉంచారా అని అడిగాడు. ఆమె తలూపింది.

అతను జీపును కారుకు ఎదురుగా తెచ్చి నిలిపాడు. సీటు కింద నుంచి లావుపాటి వైర్లు తీశాడు. కారు బ్యాటరీ కొసల మీద పేరుకున్న తెల్లటి పొడిని గుడ్డతో తుడుస్తూ మెల్లగా చెప్పుకుపోయాడు. ఇంజను ఆపితే లైట్లూ ఆపేయాలట. ఈ పొడి కనిపిస్తే వేన్నీళ్లతో కడిగి, ఆరాక వాజిలైన్ రాయాలట. లోపల నీళ్లు తగ్గకుండా చూసుకోవాలట.

“చలికాలం పాత బ్యాటరీని నమ్మకూడదండి. చెప్పకుండా పోతుంది.”

హేమశ్రీకి ఆ మాటలు కలలో వినిపిస్తున్నట్టే ఉన్నాయి. మనసంతా ఆసుపత్రిలో ఉంది.

అతను రెండు బ్యాటరీలకూ వైర్లు కలిపి తాళం తిప్పమన్నాడు. ఇంజను అందుకుంది.

ఆమె అతని పేరు అడిగింది. అతను వైర్లు ఊడదీసి చుట్టుకోసాగాడు.

“మీరెళ్లండి డాక్టరుగారూ. అక్కడ మీ కోసం ఎదురుచూస్తుంటారు.”

అద్దంలో మనిషి, జీపు, మొక్కలు ఒకటొకటిగా మంచులో కలిసిపోయాయి.

వీరవేణి బతికింది. ఆడపిల్ల పుట్టింది.

చేతులు కడుక్కుంటుంటే హేమశ్రీకి తట్టింది. తాను డాక్టరునని అతనికి చెప్పనేలేదు. ఉదయం జరిగిందంతా కలేమో అనిపించింది.

ఆ వారంలోనే కొత్త బ్యాటరీ వేయించింది. ఆదివారం అతన్ని వెతుక్కుంటూ కడియం వెళ్లింది. మామిడి అంట్ల జీపు అనగానే గేట్‌మన్ దారి చూపించాడు.

నర్సరీ సగం ఖాళీగా ఉంది. సుబ్బాయమ్మ అనే ముసలావిడ మిగిలిన మొక్కలకు నీళ్లు పెడుతోంది. ఆ జీపు మనిషి గణేష్‌బాబు తోట అమ్మేశాడని చెప్పింది. మొక్కలు లారీకెత్తించుకుని నిన్ననే ఉత్తరాదికి వెళ్లిపోయాడట. ఏ ఊరో చెప్పలేదట. ఇక్కడ ఉండలేనన్నాడట.

హేమశ్రీ తానెవరో, అతను చేసిన సాయం ఏమిటో చెప్పింది. నీళ్ల గొట్టం ఆవిడ చేతిలోంచి జారి పాదుల్లో పడింది. ఆవిడ వంగి తీయలేదు.

“ఆ డాక్టరుగారు మీరేనా అమ్మా?”

తర్వాత ఆవిడ చెప్పింది వింటుంటే, ఆసుపత్రి మెట్ల మీద తువ్వాలులో ముఖం దాచుకుని కూర్చున్న ఒక మనిషి హేమశ్రీకి గుర్తొచ్చాడు.

నిరుడు ఇలాంటి చలిలోనే, ఇంటి ముందు కారు స్టార్ట్ కాక హేమశ్రీ ఆసుపత్రికి ఆలస్యంగా చేరిన ఉదయం, ఆమె కోసం ఎదురుచూస్తూనే కాన్పు మంచం మీద కన్నుమూసిన లోవలక్ష్మి భర్త అతను.