ఈ వయసే అంత

తలుపు సరిగ్గా మూసుకుందో లేదో ఆయన రెండుసార్లు వెనక్కి తిరిగి చూసుకున్నాడు. తర్వాత కుర్చీ అంచున కూర్చుని గొంతు సవరించుకున్నాడు. డాక్టరమ్మ పెన్ను మూత తీసి ఎదురుచూస్తోంది.

“మా అబ్బాయి విషయమండీ,” అన్నాడు చివరికి. “ఛాతీ.”

“ఛాతీకేమైంది?”

“రెండు వైపులా కాస్త ఉబ్బింది. లోపల చిన్న బిళ్ళలాగా గట్టిగా తగులుతోంది. మగపిల్లాడికి ఇలా...”

ఆ వాక్యానికి క్రియ దొరక్క అక్కడే ఆగిపోయాడు.

ఆయనకు క్రియ దొరకకపోవడం చిన్న విషయమేమీ కాదు. ఆయన ఉద్యోగం నిఘంటువు కార్యాలయంలో. కిటికీ లేని గదిలో కూర్చుని మాటలకు అర్థాలూ, ఆ అర్థాల మీద తన సందేహాలూ రాస్తూ తల పండించుకున్నాడు. తోటివాళ్ళు ఆయన్ని ఫుట్‌నోట్ గారంటారు. పుట అడుగున, చిన్న అక్షరాల్లో, ఎవరి చూపుకూ అడ్డం రాకుండా ఉంటాడని. ఆ పేరు తనకు అతికినట్టు సరిపోయిందని అందరికంటే ముందు ఒప్పుకున్నవాడు ఆయనే.

డాక్టరమ్మ ఎదిగే వయసు పిల్లల వైద్యంలో ఆరితేరిన మనిషి. ఇలా కుర్చీ అంచున కూర్చునే తండ్రులు ఆమెకు కొత్త కాదు.

“కంగారు పడకండి. సగం మంది మగపిల్లలకి వచ్చేదే ఇది. హార్మోన్ల హడావుడి. దానంతటదే తగ్గిపోతుంది. మీరు నొక్కి నొక్కి చూడకండి, అంతే.”

“ఇంత తొందరగా వస్తుందనుకోలేదండి.”

“ఒక్కొక్కరికి ఒక్కో టైము. పక్కింటి పిల్లాడితో పోల్చుకుంటూ కూర్చోకండి. ఇంకా ఏం మార్పులు చూశారు?”

“మొహం మీద పొక్కులు.”

“ఉంటాయి. ఆకలి?”

“ఎప్పుడూ ఆకలే.”

“నిద్ర?”

“పగలు బాగానే పోతాడు. రాత్రయితే ఇంటిల్లిపాదికీ జాగారం.”

డాక్టరమ్మ నవ్వింది. “కోపమో?”

“ముక్కు మీదే ఉంటుందండి. ఆ ముక్కు నాది, పాపం. కోపం వాళ్ళమ్మది. పిడికిళ్ళు బిగించి, మొహం కందగడ్డ చేసుకుని మొదలుపెట్టాడంటే వీధి చివరిదాకా వినిపిస్తుంది. నేను పలకరిస్తే మొహం అటు తిప్పేసుకుంటాడు. వాళ్ళమ్మ ఒడి మాత్రం కావాలి.”

“ఎంత ఎదిగినా తల్లి దగ్గర గారాలు పోవులెండి. మీతో అసలు మాట్లాడడా?”

“ఒక్క ముక్క మాట్లాడితే ఒట్టు.”

“ఈ వయసే అంతండి.”

“మా అత్తగారూ అదే అన్నారు. ఆవిడ ఎంబీబీఎస్ చదవలేదు కదా అని నేనే నమ్మలేదు.”

డాక్టరమ్మ పెన్ను బల్ల మీద పెట్టింది. “నిజం చెప్పండి సార్. ఇంత భయం మీకు ఎక్కడినుంచి వచ్చింది?”

ఆయన కళ్ళజోడు తీసి తుడిచాడు. అది అప్పటికే శుభ్రంగా ఉంది.

“నా పద్నాలుగో ఏట నాకూ ఇదే వచ్చిందండి. ఇవే బిళ్ళలు. మా నాన్నగారితో మార్కుల గురించి తప్ప మాట్లాడి ఎరగను. అందుకని లైబ్రరీలో వైద్య విజ్ఞాన సర్వస్వం తీసి ‘అ’ నుంచి చదవడం మొదలుపెట్టాను. ‘క’ దాటేసరికి నాకు ఆరు జబ్బులు తేలాయి. ‘హ’ దాకా వెళ్ళాక ఇంక బతకనని రూఢి అయిపోయింది.”

“ఏం చేశారు?”

“వీలునామా రాశాను. పుస్తకాలు తమ్ముడికి, కళ్ళజోడు పెదనాన్నకి. పెన్ను మాత్రం మా లెక్కల మాస్టారికి. అభిమానంతో కాదు, అది కారుతుంది.”

డాక్టరమ్మ నవ్వు ఆపుకోవడానికి కిటికీ వైపు చూసింది.

“ఏడాది పైన చావు కోసం ఎదురుచూశాను. అది రాలేదు, పరీక్షలొచ్చాయి.” ఆయన గొంతు తగ్గించాడు. “ఇప్పుడు నవ్వుతాలుగా చెబుతున్నాను కానీ, అప్పుడు దుప్పటి ముసుగులో ఏడ్చేవాణ్ణి. మావాడు ఒక్కరోజు కూడా అలా ఒంటరిగా భయపడకూడదండీ. నేనేమో నోట్లో నాలుక లేనివాణ్ణి. వాడు అడిగే రోజుకి నా దగ్గర సరైన జవాబుండాలి.”

డాక్టరమ్మ కుర్చీ కాస్త ముందుకు జరుపుకుంది.

“అయితే వినండి. గొంతు బొంగురుపోతుంది. కొన్నాళ్ళు ఏ మాట ఏ శ్రుతిలో వస్తుందో వాడికే తెలీదు. వృషణాల్లో ఒకటి రెండోదానికంటే కాస్త కిందికుంటుంది. లోపం కాదు, చాలామందికి అంతే. నిద్రలో బట్టలు తడవచ్చు. అది జబ్బు కాదు, దానివల్ల నీరసం రాదు, రక్తం తరిగిపోదు. ఇవన్నీ ఒకడికి ముందు మొదలవుతాయి, ఒకడికి వెనక. కింద హఠాత్తుగా నొప్పో వాపో వస్తే మాత్రం మొహమాటం లేకుండా ఆ క్షణమే ఆస్పత్రికి తీసుకురండి. తక్కినదంతా ఎదగడమే.”

ఆయన పెదవులు కదిలాయి. ఒక్కొక్క మాటా అప్పజెప్పుకుంటున్నాడు.

“అంటే అప్పట్లో నాకూ జబ్బేమీ...”

“లేదు. మీ లెక్కల మాస్టారు బతికిపోయారు.”

పద్నాలుగేళ్ళ వయసునుంచీ బిగబట్టిన ఊపిరి అప్పుడే వదిలినట్టు, ఆయన భుజాలు నెమ్మదిగా కిందికి దిగాయి. మళ్ళీ కళ్ళజోడు తీసి తుడిచాడు. ఈసారి అవసరం పడింది.

“ఒకసారి అబ్బాయిని నా దగ్గరికి పంపండి, నేనే కూర్చోబెట్టి మాట్లాడతాను,” అంటూ డాక్టరమ్మ కాగితం ముందుకు లాక్కుంది. “మాటల్లో పడి అడగనేలేదు. ఏ క్లాసు చదువుతున్నాడు?”

“క్లాసా,” అని ఆయన మొహమాటంగా నవ్వి, “నెల కూడా నిండలేదు, వాడికింకా మెడే నిలవలేదండి,” అన్నాడు.