ముప్పై తొమ్మిది డిగ్రీలు

వేలు చుర్రుమంది. స్వర్ణలత సెన్సర్‌ను చటుక్కున వదిలేసింది.

“తిరగేసి పెట్టినవా బిడ్డా?” కౌంటర్ వెనక నుంచి ఎలక్ట్రానిక్స్ షాపు యజమాని చక్రపాణి నవ్వాడు. “గా కాగితం మీది బొమ్మ సెన్సర్ కాళ్ల దిక్కు నుంచి చూసి గీసింది. అందరు గట్లనే కాలుస్తరు. ఇగో, ఇంకోటి వట్టు.”

తెలంగాణ కోసం ఊరంతా రోడ్డెక్కిన రోజులవి. దిల్‌సుఖ్‌నగర్‌లో బంద్ అంటే సగం దించిన షట్టరే. బయట హైవే మీద పిల్లల క్రికెట్, లోపల గుట్టుగా బేరాలు. ఇప్పుడు మెట్రోలో అటు వెళ్తుంటే స్వర్ణలతకు ఆ సందు, ఆ సోల్డరింగ్ వాసన గుర్తొచ్చి మనసు చివుక్కుమంటుంది.

తెల్లారితే కాలేజీలో ప్రాజెక్టు పరీక్ష. వేడిని కొలిచి తెర మీద అంకెగా చూపించే బోర్డు అది. పని చేయకపోతే చదువు ఏడాది వెనక్కి పోయినట్టే.

రెండో సెన్సర్ సరిగ్గా కూర్చుంది. వేళ్లతో పట్టుకుంది. ముప్పై నాలుగు డిగ్రీలు, మామూలు వేళ్ల వేడే. అమ్మయ్య!

అంతలో షట్టర్ కింద నుంచి ఒకాయన వంగి లోపలికి వచ్చాడు. భుజాల చుట్టూ గులాబీ కండువా.

స్వర్ణలత చప్పున వెనక్కి జరిగింది. బంద్ చేయించేవాళ్లు! పైగా తనది కోస్తా యాస.

“జర మంచినీళ్లియ్యిండ్రి.”

సీసా ఎత్తి గటగటా తాగేశాడు. వెళ్తాడనుకుంటే బోర్డు దగ్గర చతికిలబడ్డాడు.

“ఏంది బిడ్డా గిది?”

“వేడి ఎంతుందో చెబుతుందండీ. రేపే పరీక్ష.”

“ఏదీ, జూడనీ.”

సెన్సర్‌ను రెండు వేళ్ల మధ్య పట్టుకున్నాడు. అంకె ఎక్కింది. ముప్పై ఆరు. ముప్పై ఎనిమిది. ముప్పై తొమ్మిది.

“చెయ్యి తియ్యండి! పాడు చేసేశారు!” భయం మరిచిపోయి అరిచింది.

“తప్పయింది బిడ్డా.”

ఆయన నొచ్చుకోలేదు. బయటికి వెళ్లి షట్టర్ ముందు మెట్టు మీద కూర్చున్నాడు.

స్వర్ణలత తీగలన్నీ ఊడదీసి మళ్లీ అతికించడం మొదలుపెట్టింది. బయట కుర్రాళ్ల గుంపు ఆగింది.

“పెద్దాయనా, లోపల షాపు నడుస్తున్నదా?”

“నా బిడ్డ పరీక్షకు సదువుకుంటున్నది. పోండి నాయనా.”

పోయారు. బంద్ పెట్టేదీ వీళ్లే, కాపలా కాసేదీ వీళ్లే అని స్వర్ణలత గొణుక్కుంది.

పొద్దుగూకాక చూస్తే మెట్టు ఖాళీగా ఉంది.

మర్నాడు పరీక్షలో సార్లు, స్నేహితులు అందరూ సెన్సర్‌ను పట్టుకుని చూశారు. ఎవరి వేళ్లకూ ముప్పై ఐదు దాటలేదు.

అప్పుడు తట్టింది. సెన్సర్ నిన్నా నిజమే చెప్పింది. కాలిపోతున్నది ఆయన ఒళ్లు.

సిగ్గుతో తల దించుకుంది. ఫలితాలు రాగానే మిఠాయి డబ్బాతో షాపుకు పరుగెత్తింది.

“అంకుల్, ఆ ఉద్యమం ఆయన మళ్లీ వచ్చారా?”

చక్రపాణి చేతిలో పని ఆపాడు.

“జంగయ్యనా? మీర్‌పేట్ ఆయన. గా జరంతోనే పోయిండు బిడ్డా. మొన్న ఆయన భార్య అండాలమ్మ అచ్చింది, ఆయన కూసున్న మెట్టు జూసి పోతనని.”

డబ్బా చేతిలోనే ఉండిపోయింది.

“ఉద్యమం ఆయన గాదు. దవాఖానకని నడుసుకుంట అచ్చిండట. గంత ఎండల చలి పెడుతున్నదంటే రోడ్డు మీది పోరగాళ్లు కండువా కప్పిండ్రట. నీ పరీక్ష సంగతి యిని, దవాఖాన మూసేదాంక గీ మెట్టు మీదనే కూసున్నడు.”