ముప్పై రెండు అక్షరాల పోట్లాట

‘మీ గురక గోడలు దాటుతోంది.’

ఈ మాట పళ్ళ డాక్టరమ్మ నోటితో అనలేదు. తన వైఫైకి పేరుగా పెట్టింది.

నోటితో ఎలా అంటుంది? గోడ అవతలి మనిషితో మాటలు మానేసింది కదా! గురక సంగతి ఎత్తితే చాలు, ‘నేనా? గురకా? జన్మలో పెట్టలేదు’ అని ఆయన అడ్డంగా వాదించాడు. మాటా మాటా పెరిగింది. ఇక ముందు ఎవరు నోరు విప్పితే వాళ్ళు ఓడిపోయినట్టే. లిఫ్టులో ఎదురుపడినా ఈవిడ మొహం అటు, ఆయన మొహం ఇటు.

పంతం సంగతి సరే, నిద్ర మాటేమిటి? క్లినిక్‌లో పేషెంటు నోరు తెరిస్తే ఈవిడా నోరు తెరిచి ఆవలిస్తోంది. మొన్న ఒకాయన గావుకేక పెట్టాడు కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే పుచ్చుపన్ను పక్కనున్న బంగారంలాంటి పన్ను ఊడి చేతికొచ్చేది. ఆ మనిషి చేత గురక ఒప్పించి వైద్యానికి పంపకపోతే తన ప్రాక్టీసు మూతపడటం ఖాయమని డాక్టరమ్మకు దిగులు పట్టుకుంది.

అప్పుడు గుర్తొచ్చింది, నెట్ కనెక్షన్ ఇచ్చినతను చెప్పిన ముక్క. వైఫై పెట్టె తన పేరును సెకనుకి పదిసార్లు చుట్టుపక్కల ఫోన్లన్నిటికీ చాటింపు వేస్తుందట. పాస్‌వర్డు లోపలికి రానివ్వకుండా ఆపుతుందంతే, పేరు మాత్రం అందరికీ కనిపిస్తుంది. అది ఎవరి పెట్టో మాత్రం ఎవరికీ తెలియదు. ఇంతకన్నా ఏం కావాలి?

సాయంత్రానికల్లా జవాబొచ్చింది. గోడ అవతల, ఆయనకు ఆఫీసువాళ్ళు ఇప్పించిన వైఫైకి కొత్త పేరు వెలిసింది: ‘సాక్ష్యం ఉందా?’

డాక్టరమ్మ పళ్ళు నూరింది. పళ్ళు నూరితే అరిగిపోతాయని రోజూ పదిమందికి చెప్పే మనిషి!

‘రికార్డు చేశా. వింటారా?’

‘అది నీ మిక్సీ చప్పుడు.’

‘మిక్సీ ఆపితే ఆగుతుంది.’

‘ఏడిశావులే.’

వైఫై పేరుకి ముప్పై రెండు అక్షరాలే చోటు. ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగు కూరాలి. కడుపారా తిట్టుకోవడానికి అదేం సరిపోతుంది? అయినా ఇద్దరూ తగ్గలేదు.

అపార్ట్‌మెంటంతా పండగ చేసుకుంది. పై అంతస్తు పెద్దావిడ టీవీ కట్టేసి, ఫోనులో వైఫై పేర్లే చూస్తూ కూర్చుంటోంది.

“ఎవరంటారు మాస్టారూ వీళ్ళు?” అంది ఓ రోజు లిఫ్టులో, డాక్టరమ్మ పక్కనే ఉండగా.

“ఆ గురకాయన మాత్రం బ్యాంకు మేనేజరే. ముక్కు చూశారుగా!” అన్నారు లెక్కల మాస్టారు. “ఫోను పట్టుకుని మెట్లన్నీ ఎక్కి దిగానండీ. రెండు సిగ్నళ్ళూ మీ అంతస్తులోనే గట్టిగా ఉన్నాయి డాక్టరమ్మా.”

డాక్టరమ్మ ఫోను గబుక్కున బ్యాగులో కుక్కేసింది. “మా అంతస్తులో అందరూ పెద్దమనుషులే మాస్టారూ.”

“ఏం పెద్దమనుషులో!” అంది పెద్దావిడ. “ఆడమనిషిని పట్టుకుని నువ్వు, నీ అనడమేమిటి? ఆవిడేమో పాపం అండీ, గారూ అన్నట్టే రాస్తోంది. వాడెవడో దొరకాలి గానీ, చెంప పగలగొడతాను.”

“అయ్యో, అంత పని చెయ్యకండి!” అనేసింది డాక్టరమ్మ. ఇద్దరూ వింతగా చూశారు. “అంటే, పన్ను కదులుతుందని...” అని నసిగి, తన మూడో అంతస్తు రాకముందే రెండులో దిగిపోయింది.

శనివారం సాయంత్రం అవతలి పేరు మారింది.

‘రేపే ఖాళీ. హాయిగా పడుకో.’

డాక్టరమ్మ ఎగిరి గంతెయ్యాలి. వెయ్యలేదు. ఆ రాత్రి గోడ అవతల చడీచప్పుడు లేదు. ఇన్నాళ్ళూ ఏ నిశ్శబ్దం కోసం ఏడ్చిందో అది వచ్చి పక్కనే కూర్చుంటే, కంటిమీద కునుకు పడితే ఒట్టు. ఆ పాడు గురక లేకపోతే తనకు తోచడం లేదని తెలిసి తన మీద తనకే ఒళ్ళు మండింది.

తెల్లారాక గోడ అవతల సూట్‌కేసు జిప్పు లాగిన చప్పుడైంది.

వెళ్ళిపోతున్నాడు. నిజంగానే వెళ్ళిపోతున్నాడు! పంతం గింతం గంగలో కలిసింది. పేరు మార్చింది.

‘వెళ్ళొద్దు. గురక పెట్టుకోండి.’

క్షణంలో పైనుంచి పెద్దావిడ కేక వినిపించింది. “మాస్టారోయ్! ఆవిడ ఓడిపోయిందండోయ్!”

జిప్పు చప్పుడు ఆగింది. అడుగుల చప్పుడు దగ్గరకొచ్చింది. ఎవరో తలుపు మీద వేలితో తట్టారు, భయంభయంగా. డాక్టరమ్మ కళ్ళు తుడుచుకుని తలుపు తీసింది.

గోడ అవతలి మనిషి నిలబడి ఉన్నాడు. ఆయన కళ్ళూ ఎర్రగా ఉన్నాయి. చంకలో దిండు.

“డాక్టరుకి చూపించుకుంటాలే,” అన్నాడు నేలచూపులు చూస్తూ. “పెడుతున్నానేమో. కొంచెం.”

డాక్టరమ్మకు నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి. పక్కకు తప్పుకుని దారిచ్చింది.

“కాస్త జరుగు, ఆ హాల్లో సోఫా నా నడుం విరగ్గొట్టేసింది,” అంటూ మంచం మీద తన మామూలు చోట్లో దిండేసుకుని వాలిపోయాడు డాక్టరమ్మ మొగుడు.