జవాబు చెప్పి తీరాలి

ఫ్యాన్లు బాగుచేసే మెకానిక్‌కు టైలరమ్మ మీద మనసైందని ఇంగ్లీషు టీచరమ్మ మొదటి వారంలోనే కనిపెట్టింది.

ఇద్దరికీ నలభై దాటాయి. మందుల షాపు పైగదిలో సాయంత్రం క్లాసు. టైలరమ్మ మొదటి బెంచీలో కూర్చునేది. అతను తలుపు దగ్గర కూర్చుని ఆవిడ జడనే చూసేవాడు. పలకరింపు లేదు. ఆవిడ పెన్సిల్ కింద పడితే పరుగున వచ్చి తీసిచ్చేవాడు. ఆవిడ అందుకోకుండా సంచిలోంచి ఇంకోటి తీసేది.

టీచరమ్మకు పాతికేళ్లు. ఆ వయసులో ఎవరిని చూసినా ముడిపెట్టబుద్ధేస్తుంది. వెనకాముందూ కనుక్కోకుండా ఇద్దర్నీ పక్కపక్కన కూర్చోబెట్టింది.

"ఒకరు అడగాలి, ఇంకొకరు చెప్పాలి. నా క్లాసులో జవాబు చెప్పి తీరాలి. ఒట్టి యెస్సూ నో కుదరవు. 'డు యు' అంటే 'ఐ డూ', 'డిడ్ యు' అంటే 'ఐ డిడ్'. కానివ్వండి."

మెకానిక్ గొంతు సవరించుకున్నాడు. "డు యు లైక్ మ్యూజిక్?"

"యెస్, ఐ డూ," అంది టైలరమ్మ గోడకేసి చూస్తూ. ఆ మాటకే అతని మొహం చేటంతయింది.

"ఇప్పుడు మీరడగండమ్మా."

"డు యు స్నోర్?"

గురక సంగతి ఎత్తేసరికి క్లాసంతా గొల్లున నవ్వింది.

"నో, ఐ డోంట్."

"యెస్, యు డూ!"

"ఆయన గురక మీకెలా తెలుసమ్మా?" అంది టీచరమ్మ.

"ఆ మొహం చూస్తే తెలియట్లా?"

మర్నాటి పాఠం జరిగిపోయిన సంగతుల మీద. టీచరమ్మ సుద్దముక్క కింద పెట్టకముందే టైలరమ్మ అందుకుంది.

"డిడ్ యు సెల్ ఎ కుట్టుమిషన్?"

"యెస్, ఐ డిడ్," అన్నాడతను నేలచూపులు చూస్తూ.

"డిడ్ యు ఆస్క్ ద ఓనర్?"

"నో... ఐ డిడంట్."

"ఫ్యాన్ల మనిషి కుట్టుమిషనెందుకు అమ్ముతాడమ్మా?" నవ్వింది టీచరమ్మ. "అయినా వాక్యం మాత్రం వజ్రం!"

ఆఖరి రోజు మెకానిక్ అందరికన్నా ముందొచ్చాడు.

"రేపట్నుంచి క్లాసు లేదు కదండీ. ఆవిడ్ని ఒక్కటి అడగనివ్వండి. ఇక్కడైతే జవాబు చెప్పక తప్పదు."

"అడగండి బాబాయ్! ఔనంటే మిఠాయి మీదే!"

కొత్త చొక్కా తొడుక్కొచ్చాడు పాపం. దానికో గుండీ లేదు. టైలరమ్మ చూపు ఆ గుండీ దగ్గర ఒక్క క్షణం ఆగి, తప్పుకుంది.

అతను లేచి నిలబడ్డాడు. "విల్ యు టాక్ టు మీ... టుమారో?"



టైలరమ్మ పుస్తకాలు సంచిలో సర్దుకుంది. "నో, ఐ వోంట్."

వాక్యంలో తప్పు పట్టడానికేమీ లేదు. టీచరమ్మకు ఏడుపొచ్చినంత పనైంది. అందరూ దిగిపోయాక, ఆ మనిషి ఎలా పోతున్నాడోనని మొదటిసారి కిటికీలోంచి తొంగిచూసింది.

మెకానిక్ స్కూటర్ తీశాడు, టైలరమ్మ అలవాటుగా వెనకెక్కి సంచి మధ్యలో అడ్డం పెట్టుకుంది, నాలుగేళ్లుగా ఇంట్లో ఒక్క మాటైనా లేని ఆ మొగుడూ పెళ్లాం ఎప్పట్లాగే నోరు విప్పకుండా ఇంటికి బయల్దేరారు.