తడి రోడ్డు మీద ట్రయల్

“కుర్చీలల్ల కూసొని చెప్తే మీకు సమజ్ కాదు. వచ్చి నా కారుల కూసో,” అన్నాడు శైలేందర్.

సిద్దిపేట షోరూంలో కౌంటరు దగ్గర తెల్లచొక్కా వేసుకున్న ఆయన ఒక్కడే నిలబడి ఉన్నాడు. బిత్తరపోయి, “నేనా సార్?” అన్నాడు.

“నువ్వే. ఫోన్ల చెప్పిన, వచ్చి చెప్పిన. రేపు రా, ఎల్లుండి రా అంటున్నరు. ఇయ్యాల వాన పడుతుంది. చూపెట్టనీకి గింతకన్న మంచి రోజు దొరకది.”

ఆయన ఏదో చెప్పబోయాడు. శైలేందర్ వినలేదు. వారం రోజులుగా ఇక్కడ విన్నది చాలు. ఇంచుమించు రెక్క పట్టుకుని వానలోకి లాక్కుపోయి, ముందు సీట్లో కూర్చోబెట్టాడు.

“పేరేంది?”

“దత్తాత్రి సార్. జర లోపట చెప్పొస్త...”

“బెల్టు పెట్టుకో.”

ఎలక్ట్రిక్ కారు చప్పుడు లేకుండా రోడ్డెక్కింది.

“పొద్దుగాల మా వనజ పిల్లను బడి కాడ దింపనీకి పోయింది. గేటు ముంగట బ్రేకు తొక్కితే కారు ఆగలే, జారుకుంట పోయింది. జానెడు దూరంల ఒక ముసలామె. ఇగ ఆ కారు ముట్టనంటుంది మా ఆమె. ఏమన్నయితే ఎవలు జవాబు?”

దత్తాత్రి ముఖం పాలిపోయింది. “ముసలామెకు ఏం కాలే గద సార్?”

“కాలే. అయ్యేదాక ఆగాల్నా?”

రింగురోడ్డు దాటాక, ఇళ్లింకా లేవని ఖాళీ వెంచరులోకి కారు తిప్పాడు. మనిషి అలికిడి లేదు. రోడ్డంతా ఎర్రనీళ్లు.

“ఎండల అయితే మంచిగనే ఉంటది. ఎక్స్‌లేటర్ మీదికెళ్లి కాలు తీస్తే చాలు, అదే ఆగుతది. గిప్పుడు చూడు.”

వేగం అందుకుని కాలు తీశాడు. కారు వెనకభాగం ఓ పక్కకు ఊగింది. బ్రేకు తొక్కాడు. కారు నీళ్ల మీద జర్రున జారి, ప్లాటు హద్దురాయి దాటాక ఆగింది. దత్తాత్రి రెండు చేతులతో డ్యాష్‌బోర్డును పట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

“చూసినవా?”

“చూసిన సార్.”

“ఇంకోపారి చూడు.”

“వద్దు సార్, సమజైంది.”

శైలేందర్ అయినా చూపించాడు.

ఊపిరి కూడదీసుకున్నాక దత్తాత్రి మెల్లగా అడిగాడు. “టైర్లు మారిస్తే ఆగుతదా సార్?”

శైలేందర్‌కు ఒళ్లు మండింది. “నన్నడుగుతవేంది? చెప్పాల్సింది నువ్వు.”

“లేకపోతే సెట్టింగు ఏమన్న ఉంటదేమో...”

“వారం సంది నేనడిగేది గదే కదా.”

కారు వెనక్కి తిప్పాడు. షోరూం దగ్గరపడేసరికి శైలేందర్ కోపం కాస్త దిగింది. చివరికి ఒక్కడైనా కూర్చుని చూశాడు. పాపం, మనిషి బాగా భయపడ్డట్టున్నాడు కూడా.

అద్దాల తలుపు ముందు కారు ఆపి, ఈసారి గొంతు తగ్గించి అడిగాడు. “ఇగ చెప్పు. కంపెనోళ్లకు ఏమని చెప్తవు?”

దత్తాత్రి బెల్టు తీసి, షోరూం లోపలికి చూశాడు.

“కంపెనోళ్లకు కాదు సార్, మా ఇంటామెకు ఏం చెప్పాల్నో తెలుస్త లేదు. మేం గిసొంటి కారే కొని, ఇయ్యాల తీస్కపోనీకి వచ్చినం. అగో, దాని ముంగట కొబ్బరికాయ పట్టుకొని నిలబడ్డది ఆమెనే.”