ఏడో శాంపిల్

"మళ్ళీ ఏడో శాంపిలేనా? నీ చేతుల్లో శని గానీ ఉందా అమ్మా?"

భీమేశ్వరరావు గారు గ్రాఫు కాగితాన్ని బల్లమీద పడేశారు. ఫరీదాబాద్‌లోని ఆ పరిశోధనా కేంద్రంలో ఆయన అరుపు వినని గోడ లేదు. అయినా ఎవరూ నొచ్చుకోరు. అరిచిన కాసేపటికి ఆయనే టీ తెప్పిస్తారు.

ప్రత్యూష తల వంచుకుని నిలబడింది.

"సారీ సార్. నేనే ఎక్కడో గడ్‌బడ్ చేసుంటాను."

ఆ మాట నిజమైతే చాలని కొన్ని వారాలుగా ఆమె దేవుళ్ళందరికీ మొక్కుకుంటోంది. పీహెచ్‌డీ చేసే పిల్ల తన పని తప్పయిపోవాలని మొక్కుకోవడం విడ్డూరమే మరి.

వాళ్ళ పరిశోధన క్యాన్సర్‌ని అడ్డుకునే ఒక ప్రొటీన్ మీద. ఒంట్లో ప్రతి కణంలోనూ అది కాలనీ గేటు దగ్గర గార్డులా కాపలా కాస్తుంది. దెబ్బతిన్న కణం రెండుగా చీలబోతే, బాగుపడేదాకా ఆగమంటుంది. దాన్ని తయారుచేసే జన్యువు అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి వస్తుంది. పుట్టుకతోనే ఒకటి చెడిందంటే కాపలా సగమైనట్టే. అలాంటి ఇళ్ళల్లో ఆ జబ్బు పెద్దల నుంచి పిల్లలకి దిగుతుంది.

రోగుల రక్తంతో పోల్చి చూడడానికి ఆరోగ్యవంతుల రక్తం కావాలి. అందుకోసం ల్యాబ్‌లో వాళ్ళంతా తలా ఒక ట్యూబు ఇచ్చారు. అక్కడ అది ఎప్పటినుంచో ఉన్న అలవాటు. ట్యూబుల మీద పేర్లుండవు, నంబర్లే. ఏది ఎవరిదో రక్తం తీసిన ప్రత్యూషకి తప్ప ఇంకెవరికీ తెలియకూడదు. ఆ నియమం పెట్టింది సారే.

మిగతావన్నీ ఉండాల్సినట్టే ఉన్నాయి. ఏడో ట్యూబులో మాత్రం కాపలా సగమే. ఎన్నిసార్లు చేసినా అంతే.

ప్రత్యూషకి అన్నం సయించడం లేదు. వాళ్ళ నాన్న ఆర్మీలో సుబేదారు. కంటోన్మెంటు క్వార్టర్సులో ఉంటారు. "ఏం బేటా, తబియత్ ఠీక్ హై కదా, ఒంట్లో బాగానే ఉందా?" అని నిన్న ఆయన అడిగితే, మొహంలోకి చూడలేక గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

మధ్యాహ్నం సారు భార్య పార్వతి ల్యాబ్‌కి పులిహోర తెచ్చింది. ఆ రోజు కొడుకు రవికిరణ్ పుట్టినరోజు. పదో తరగతిలో ఎముక క్యాన్సర్ వాణ్ణి తీసుకుపోయింది. పోయినా సరే, ఆ రోజున నలుగురు పిల్లలకి పెట్టకుండా ఆమె ఉండలేదు.

"తినమ్మా. మా వాడికి ఇష్టం."

ప్రత్యూష ప్లేటు అందుకుంది. పార్వతి పక్కన కూర్చుని గొంతు తగ్గించింది.

"మా అమ్మ రొమ్ము క్యాన్సర్‌తో పోయింది. అదే నాలోంచి వాడికి దిగింది. కన్నతల్లినై ఉండి నేనే వాడికి ఆ జబ్బు ఇచ్చుకున్నాను చూడు. మా అమ్మాయి ఇషిత జలుబని మంచమెక్కినా నాకు గుండె జారిపోతుంది. ఉన్నది అదొక్కతే కదా."

"మీరు పరీక్ష చేయించుకున్నారా ఆంటీ?"

"దేనికి? మీ సారు వైపు అందరూ గట్టివాళ్ళే. మావగారు పోయింది కూడా బస్సు బోల్తాపడి. తెలిసినదానికి మళ్ళీ పరీక్షెందుకు పార్వతీ అన్నారాయన."

ప్రత్యూష ప్లేటు పక్కన పెట్టింది. చెయ్యి కడుక్కుంటానని లేచి, కుళాయి తిప్పి, నీళ్ళ చప్పుడులో ఏడ్చింది.

సాయంత్రం మామూలుగానే సారు టీ తెప్పించారు.

"తాగు. పొద్దున కాస్త గట్టిగా అన్నాను."

"సార్, ఒకవేళ తప్పు నాది కాకపోతే? ఆ మనిషిలోనే నిజంగా లోపం ఉంటే?"

ఆయన కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు.

"ఉంటే ఆ మనిషికి చెప్పాలి."

"తట్టుకోలేకపోతే?"

"తట్టుకోవాలమ్మా. పిల్లలుంటే వాళ్ళకి పరీక్ష చేయించాలి. ఏటేటా స్కానింగులు తీయించాలి. మా వాడి సంగతి మాకు ముందే తెలిసుంటే..." ఆయన కళ్ళజోడు అందుకుని అద్దాలు తుడిచారు. "పార్వతికి మాత్రం ఏం తెలుసు? ఆవిణ్ణి నేను ఏనాడూ ఒక్క మాట అనలేదు."

అనలేదు, నిజమే. ఆవిడ తనని తాను తిట్టుకుంటుంటే వద్దని కూడా అనలేదు. ఆ సంగతి ల్యాబ్‌లో అందరికీ తెలుసు.

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు.

"పాత రక్తంతో ఎన్నిసార్లు చేసినా ఉపయోగం లేదు. కొత్తగా తియ్యి. ఆ మనిషి ఊళ్ళోనే ఉన్నాడా?"

"ఉన్నారు సార్."

"అయితే రేపటిదాకా ఎందుకు, ఇప్పుడే తీసెయ్యి. భయపడకు, నేను పక్కనే ఉంటాను. నీకు చెప్పడానికి నోరు రాకపోతే నేనే చెప్తాను."

ప్రత్యూష వెళ్ళి సూది, దూది, కొత్త ట్యూబు తెచ్చింది. ట్యూబు మీద ఏడు అని రాసింది. కిటికీలోంచి బయటి పొగమంచుని చూస్తూ నిలబడింది. తర్వాత తలుపు దగ్గరికి వేసి వచ్చింది.

"తలుపేశావేం? ఇంకా ఎవరూ రాలేదుగా," అన్నారు భీమేశ్వరరావు గారు వాచీ చూసుకుంటూ.

ప్రత్యూష ఆయనకి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. కళ్ళు తుడుచుకుంది.

"మీ స్వెట్టర్ చెయ్యి కాస్త పైకి మడవండి సార్."