ఉత్తరేణి మంత్రం

నన్ను తేలు కుట్టిన నాటి నుంచి, ఇరవై ఏళ్లుగా నాకో అనుమానం. నొప్పి దించింది మా పక్కింటి మాసమ్మ పెంచే ఉత్తరేణి ఆకా, ఆమె గొణిగిన మంత్రమా? ఇవాళ తేలు ఆమెనే కుట్టింది.

దవాఖానకు తీసుకుపోయే ఆటో గోపాల్‌పేట నుంచి రావాలి. ఈలోపు ఆకు నూరి ఆమె వేలికి పట్టించాను.

"మంత్రం సదువు కుర్మయ్యా!"

"నాకేం తెల్సు పెద్దమ్మా?"

"ఏముంది? సగమే ఇనవడేటట్టు ఎవరి మీదనన్న చాడీలు గొణుగు. ఇందామని చెవి పెడ్తె నొప్పి యాదికుండదు. నాడు నీకు మా కోడలి సంగతి గొణిగిన."

"నేను మంత్రమనుకొని దానికి దండం పెట్టిన గదనే!"

"పెట్టుమన్ననా?"

కురుమూర్తి స్వామికి మనసులోనే చెంపలేసుకుని, మా ఆవిడ మీద మొదలుపెట్టాను.

వాకిట్లో ఆటో హారన్ కొట్టింది.

"జర ఆగుమను," అంది మాసమ్మ, చెవి ఇంకా దగ్గరికి తెచ్చి. "తర్వాత ఏమైందిరా?"

ఆనాటి వైద్యానికి కొబ్బరికాయ కూడా పుచ్చుకోని ఆమె రుణం అలా తీర్చుకున్నాను.